ఆడవారి పని - మగవారి పని



మన గోదావరి సీమలో పెండ్లి భోజనమునకు పోయినవారు పందిరి వెనుకకు కూడ ఒకసారి తొంగి చూడవలెను. అక్కడ గాడిపొయ్యి మీద గుండిగలు ఉడుకుచుండును. నడుమునకు తుండుగుడ్డ బిగించిన మగవారు గరిటెలు త్రిప్పుచుందురు. ఆ పూటకు వారు పుచ్చుకొను సొమ్ము ముందుగనే బేరమాడి నిశ్చయించుకొన్నది. అదే పప్పు, అదే పులుసు ఇంటిలో ఏడాది పొడుగున వండునది ఇల్లాలు. దానికి బేరము లేదు, జీతము లేదు. వంట ఆడవారి పని యని మనమే అందుము. ఆ పనికి రొక్కము పుట్టిన చోట మాత్రము అది నలభీమపాకమగును. నలుడును భీముడును మగవారే గదా యని మా మిత్రుడొకడు వేళాకోళమాడును.

నేడు మేము ముచ్చటింపదలచిన సంగతి ఆ వేళాకోళములోనే ఉన్నది. ఇది ఆడపని, ఇది మగపని యని మన మనస్సులలో ఒక గీత గీసియున్నది. గీతకు ఈవల నిలిచిన స్త్రీకి కూలి తక్కువ. గీత దాటి ఆవలకు పోయిన స్త్రీకి ఉద్యోగము దొరకుట కష్టము. దొరకినను పైమెట్టు ఎక్కుట మరింత కష్టము. నిలిచినను, దాటినను వెల చెల్లించునది ఆమెయే. సామాన్యముగా మనము ఈ రెండు కష్టములను వేరువేరుగా చెప్పుకొందుము. అవి రెండును ఒక్క గీత నుండియే పుట్టినవని మా అభిప్రాయము.

ముందు గీతకు ఈవలి సంగతి చూతము. మన డెల్టాలో దమ్ము చేయుట, గట్లు చెక్కుట మగవారి పనులు. ఊడ్చుట, కలుపు తీయుట ఆడవారి పనులు. ప్రొద్దున మొదలుకొని మోకాలి లోతు బురదలో నడుము వంచి ఊడ్చుట తేలిక పని యని, ఒక్క పూట ఊడ్చి చూచినవాడెవ్వడును అనడు. అయినను తరతరములుగా ఆడకూలి వేరు, మగకూలి వేరు. ఇపుడు ఎకరమునకు ఇంత అని ముఠాకు గుత్తకిచ్చు పద్ధతి వచ్చినది. ఆ గుత్త మాట్లాడు మేస్త్రి తరచు మగవాడే. కోత యంత్రము పొలములోనికి దిగినపుడు కోత కూడ ఆడవారి చేతినుండి జారిపోయినది. యంత్రము నడపుట మగపని యట! కొడవలి పట్టినంతకాలము అది ఆడవారికి తగిన పనియే.

పొలములకంటె వింతయైన కథ నర్సాపురపు లేసుది. పందొమ్మిదవ శతాబ్దిలో స్కాట్లండు నుండి వచ్చిన మిషనరీ కుటుంబములవారు నర్సాపురము, పాలకొల్లు ప్రాంతముల స్త్రీలకు లేసు అల్లిక నేర్పిరి. నాటినుండి నేటివరకు ఆ అల్లిక పశ్చిమ గోదావరి గ్రామములలో అరుగులమీద సాగుచునే యున్నది. ఒకరు పువ్వులల్లుదురు, అది చేతిపని. మరియొకరు ఆ పువ్వులను కలిపి బల్లగుడ్డగా కూర్చుదురు, అది అతుకుపని. దారము తెచ్చియిచ్చువాడు, సరకు తీసికొనిపోవువాడు, దానిని విదేశములకు పంపువాడు వేరు. అల్లిన చేతులన్నియు స్త్రీలవి. ఎగుమతి చేసినవారు దాదాపు అందరును పురుషులు.

జర్మనీ దేశపు సాంఘిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970 దశకము చివర నర్సాపురము పరిసరములలో ఉండి ఈ స్త్రీల బ్రతుకును పరిశీలించిరి. 1982 లో ఆమె గ్రంథము వెలువడినది. దినమునకు ఆరేడు గంటలు అల్లినను ఆ రోజులలో ఆమెకు ముట్టునది ఒక రూపాయికి లోపే. ఇంత తక్కువ ఏల? ఆమె కూలిమనిషి కాదు, గృహిణి. తీరికవేళ కాలక్షేపమునకు అల్లుకొనుచున్నది అను మాట ఒకటి ప్రచారములో ఉండుటచేత. వ్యాపారి అట్లనెను, భర్త అట్లనెను, ప్రభుత్వపు లెక్కలు వ్రాయువారును అట్లనే తలచిరి. ఇల్లు గడుచుటకు ఆ డబ్బులే దిక్కయిన కుటుంబములలో సైతము ఆమె పేరు "పనిచేయువారి" పట్టికలోనికి ఎక్కలేదు.

మీస్ గమనించిన మరియొక విషయము మమ్ము చాల కాలము ఆలోచింపజేసినది. అదే గ్రామములో పొలము పనికి పోవు హరిజన స్త్రీలకు ఆ రోజులలో లేసు అల్లు స్త్రీలకంటె ఎక్కువ కూలి వచ్చుచుండెను. కాని అరుగుమీద కూర్చున్న ఆమె పొలమునకు పోవు ఆమెను చిన్నచూపు చూచుచుండెను. ఇల్లు కదలకుండుట పరువు. ఆ పరువే ఆమెకు కూలిలో సగభాగమన్నమాట! దానితో బియ్యము రావు. ఎండలోనికి పోవు ఆమెకు డబ్బు నాలుగు రాళ్లు ఎక్కువ, మర్యాద తక్కువ. ఊరు ఈ రెండు తక్కెడలను ఎంత నేర్పుగా పట్టుకొన్నదో చూడుడు. 2024 లో నర్సాపురపు లేసుకు భౌగోళిక గుర్తింపు లభించినది. సంతోషము. ఆ గుర్తింపు సరకునకు లభించినది; అల్లు చేతులకు కూలి గుర్తింపు రావలసియున్నది.

చట్టము లేదా యని మీరు అడుగవచ్చును. ఉన్నది. సమానమైన పనికి సమానమైన వేతనమని మన రాజ్యాంగము 39 వ అధికరణమున చెప్పినది. అదే అర్థముగల అంతర్జాతీయ ఒడంబడికను 1958 లో మన దేశము అంగీకరించినది. 1976 లో సమాన వేతన చట్టము వచ్చినది. 2019 నాటి వేతనముల స్మృతిలోను అదే సూత్రము ఉన్నది. అయితే చట్టము "ఒకే విధమైన పని" యని అన్నది. ఊడ్పు ఒక పని, దమ్ము ఒక పని. పేర్లు వేరైనపుడు కూలి వేరగుట తప్పు కాదని గ్రామము తప్పించుకొనును.

పట్టణములు ఇంతకంటె గొప్పవేమియు కావు. బొంబాయిలో ఒక నౌకావ్యాపార సంస్థ స్త్రీ స్టెనోగ్రాఫర్లకు పురుష స్టెనోగ్రాఫర్లకంటె తక్కువ జీతమిచ్చి, పెద్ద అధికారుల దగ్గర పనిచేయు వీరిది వేరొక తరగతి యని వాదించెను. ఆడ్రీ డికోస్టా అను ఉద్యోగిని న్యాయస్థానమున పోరాడెను. పేరు మార్చినంత మాత్రమున పని మారదని 1987 లో సుప్రీముకోర్టు తేల్చినది. ఆ తీర్పు ఇంకను మన పొలము గట్టు మీదికి నడిచి రాలేదు.

ఇక గీత దాటినవారి సంగతి.

1923 లో కాకినాడ కాంగ్రెసు జరిగినపుడు ఖద్దరు ప్రదర్శనశాల ద్వారమువద్ద ఒక బాలిక వాలంటీరుగా నిలిచెను. టిక్కెట్టు లేనివారిని లోనికి పోనీయరాదని ఆమెకు ఆజ్ఞ. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చిరి, టిక్కెట్టు లేదు, ఆమె పోనీయలేదు. నిర్వాహకులు కంగారుపడి టిక్కెట్టు కొనియిచ్చిన పిదపనే ఆయన లోనికి పోయిరి. ఆ బాలిక రాజమహేంద్రవరమున 1909 లో పుట్టిన దుర్గాబాయి. తరువాత ఆమె న్యాయవాది, రాజ్యాంగసభ సభ్యురాలు, కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి మొదటి అధ్యక్షురాలు అయినది మీకందరకు తెలిసినదే. నెహ్రూగారు ఆమె కర్తవ్యనిష్ఠను మెచ్చుకొనిరి. ఈ కథను మన తెలుగువారు గర్వముతో చెప్పుకొందురు, మేమును చెప్పుకొందుము. ఒక్కమాట మాత్రము చేర్చెదము. అది జీతము లేని పని. జీతము పుచ్చుకొను ఆఫీసులో ఒక స్త్రీ ఇంతే ఖచ్చితముగా పెద్దవారిని ద్వారమువద్ద నిలిపినచో, ఆమెను గురించి రహస్య నివేదికలో ఏమి వ్రాయుదురు? "కర్తవ్యనిష్ఠ" అను మాట కనబడునా?

జీతపు ఉద్యోగములో గీత దాటిన తెలుగు స్త్రీ ఒకరిని చెప్పవలెనన్నచో అయ్యలసోమయాజుల లలితగారిని చెప్పవలెను. మదరాసులో స్థిరపడిన తెలుగువారి ఆడపడుచు; 1919 లో పుట్టెను. పదునైదవ ఏట వివాహము. పదునెనిమిదవ ఏట, చంకలో నాలుగు నెలల పసికందు ఉండగా, వైధవ్యము. ఆ కాలపు గీత ప్రకారము ఆమె ఇంటి మూల కూర్చుండవలసినది. ఆమె గిండీ ఇంజనీరింగు కళాశాలకు పోయెను. తండ్రి పప్పు సుబ్బారావుగారు అక్కడ ఎలక్ట్రికల్ ఇంజనీరింగు ఆచార్యులు. ఆయన అడుగగా ప్రిన్సిపాలు చాకోగారు అంగీకరించిరి. 1943 లో ఆమె పట్టభద్రురాలయ్యెను. అంతవరకు అక్కడ మగవారు మాత్రమే చదివిరి గనుక పట్టాలో "అతడు" అను అర్థముగల ఆంగ్లపదమే అచ్చయియుండెను. దానిని కలముతో కొట్టివేసి "ఆమె" అని వ్రాయవలసివచ్చెను.

తరువాత లలితగారు జమాల్‌పూరు రైల్వే కర్మాగారములో శిక్షణ పొందిరి. సిమ్లాలో ప్రభుత్వ ప్రమాణముల సంస్థలో పనిచేసిరి. 1948 నుండి కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ అను సంస్థలో విద్యుత్ లైనులను, సబ్ స్టేషనులను రూపకల్పన చేసిరి. భాక్రానంగల్ ఆనకట్టకు సంబంధించిన పనిలో కూడ ఆమె చేయి యున్నది. 1964 లో న్యూయార్కులో జరిగిన మొదటి అంతర్జాతీయ స్త్రీ ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల మహాసభకు వెళ్లిరి. ఆమె ప్రజ్ఞను మేము ఇంచుకైనను తక్కువ చేయము. కాని ఆ ఒక్క తలుపు తెరచుకొనుటకు ఎన్ని కావలసివచ్చినవో లెక్కింపుడు. అదే కళాశాలలో ఆచార్యుడైన తండ్రి, మనసున్న ప్రిన్సిపాలు, బిడ్డను తమదిగా చూచుకొను బంధువులు. అంత తెలివియు ఉండి, తండ్రి ఆచార్యుడు కాక, అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారి యగుటచేత అరుగుమీదనే ఉండిపోయినవారు ఎందరో! వారి పేర్లు చరిత్రలో దొరకవు.

ద్వారము దాటిన పిదప పదోన్నతి వచ్చును. భారత విదేశాంగ సర్వీసులో 1949 లో చేరిన మొదటి స్త్రీ సి. బి. ముత్తమ్మగారు. ఆ సర్వీసు నిబంధనల ప్రకారము స్త్రీ ఉద్యోగి వివాహమాడుటకు ముందు ప్రభుత్వపు అనుమతి వ్రాతమూలకముగా పొందవలెను. వివాహమైన పిదప సంసారము విధులకు అడ్డగునని ప్రభుత్వము తలచినచో రాజీనామా చేయవలెను. పురుషునికి ఈ బాధ లేదు. ముప్పది సంవత్సరములు పనిచేసిన తరువాత పై తరగతికి ఆమె తగదనిరి. ఆమె సుప్రీముకోర్టుకు వెళ్లెను. కేసు విచారణకు రాకముందే పదోన్నతి వచ్చినది! అయినను 1979 లో న్యాయమూర్తి కృష్ణయ్యరు ఊరుకొనలేదు. స్త్రీ సంసారము ఉద్యోగమునకు అడ్డగునేని పురుషుని సంసారము ఏల కాదు అను భావముతో ఆ నిబంధనలను గట్టిగా ఖండించిరి.

నిబంధనగా వ్రాసియున్న దానిని కోర్టు చూడగలదు. వ్రాయని దానిని చూచుట కష్టము. మన భాషలోనే చూడుడు. గట్టిగా మాటలాడు మగవాడు సమర్థుడు. అదే గొంతుకతో మాటలాడిన ఆడది గయ్యాళి. బేరమాడు మగవాడు లౌక్యుడు. బేరమాడు ఆడది ఆశపోతు. మెత్తగా మాటలాడిన ఆడదానిని మంచిది అందుము, వెంటనే "అధికారమునకు పనికిరాదు" అని చేర్చుదుము. ఇది తెలుగువారి జాడ్యము మాత్రమే యని అనుకొనవలదు. అమెరికాలో ప్రైస్ వాటర్‌హౌస్ అను పెద్ద లెక్కల సంస్థలో 1982 లో భాగస్వాములుగా చేర్చుకొనుటకు 88 మంది పేర్లు వచ్చినవి. వారిలో ఆన్ హాప్కిన్స్ ఒక్కతే స్త్రీ. పెద్ద కాంట్రాక్టులు సంపాదించుటలో ఆమెకు సాటి రాగలవారు మిగిలిన వారిలో లేరు. అయినను ఆమెను తీసికొనలేదు. ఆడదానివలె నడువుము, ఆడదానివలె మాటలాడుము, నగలు పెట్టుకొనుము, ముఖమునకు రంగు పూసికొనుము అని ఒక పెద్దమనిషి ఆమెకు హితవు చెప్పెను. 1989 లో అమెరికా సుప్రీముకోర్టు ఇట్టి ఊహలపై ఆధారపడి పదోన్నతి నిరాకరించుట కూడ స్త్రీపురుష వివక్షయేనని అన్నది. ఆమె ఆ సంస్థలోనే భాగస్వామి అయ్యెను.

అదే దేశములో జరిగిన పరిశోధనలు మరి రెండు చెప్పి ముందుకు పోదము. జీతము ఎక్కువ కావలెనని అడిగిన స్త్రీతో పనిచేయుటకు, అట్లే అడిగిన పురుషునితో కంటె, పరీక్షించువారు విముఖులగుచున్నారని 2007 లో ప్రచురింపబడిన ఒక పరిశోధనలో తేలినది. స్త్రీలు బేరమాడరు, అందుచేతనే వారికి జీతము తక్కువ యని చెప్పువారు దీనిని గమనింపవలెను. బేరమాడిన జరిమానా ఉన్నదని ఆమెకు తెలియును. రెండవది వాద్యబృందముల కథ. అభ్యర్థి తెర వెనుక కూర్చుండి వాయించు పద్ధతి పెట్టిన పిదప స్త్రీలు ఎన్నికగు అవకాశము పెరిగినదని క్లాడియా గోల్డిన్, సిసీలియా రౌజ్ అను ఆర్థికవేత్తలు 2000 లో ప్రకటించిరి. రేడియో శ్రోతలకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. మీకు ముఖము కనబడదు. పాట ఒక్కటే వినబడును.

మన ప్రభుత్వము ఏమియు చేయలేదని అనుట అన్యాయము. 1984 లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఉద్యోగ నియామకములలో స్త్రీలకు నూటికి 30 కి తక్కువ కాకుండ స్థానమిచ్చు నిబంధన చేసినది. 1995 లో సుప్రీముకోర్టు అది చెల్లునన్నది. దానివలన ఎన్నివేల ఇండ్లలో అన్నము ఉడికినదో! కాని ఆ నిబంధనలోనే "పురుషులకంటె స్త్రీలు ఎక్కువ తగిన ఉద్యోగములు" అని ఒక తరగతి, "ఇరువురును సమానముగా తగినవి" అని వేరొక తరగతి ఉన్నవి. గీతను చెరుపబోయిన కలమే గీతను మరల గీసినది. పైగా అది నూతన నియామకములకు మాత్రమే, పైమెట్టుకు కాదు. అట్లే 2017 లో ప్రసూతి సెలవును 12 వారములనుండి 26 వారములకు పెంచిరి. తల్లికి మేలు జరిగినది. కాని చాలచోట్ల ఆ సెలవు జీతమంతయు యజమానియే భరింపవలెను. క్రొత్తగా పెండ్లియైన అభ్యర్థిని ఎదుట కూర్చుండగా అతడు మనస్సులో ఏ కూడికలు వేయుచుండునో మీరే ఊహింపుడు. బిడ్డను పెంచుకొనుటకు సెలవడిగిన తండ్రిని "ఇంటిలో ఆమె లేదా?" అని నవ్వు ఆఫీసులు ఉన్నంతకాలము ఆ కూడికలు మారవు.

ఇతరుల తప్పులు ఇన్ని చెప్పితిమి. మా తప్పు కూడ ఒకటి చెప్పవలెను. కొన్ని సంవత్సరముల క్రిందట గోదావరి ఒడ్డున ఒక పట్టణములో, ఒక సంస్థవారు తమ గిడ్డంగికి సూపర్‌వైజరును ఎన్నుకొనుటకు వేసిన కమిటీలో మమ్ము కూడ కూర్చుండబెట్టిరి. వచ్చినవారు ఆరుగురు, ఒక్కతే స్త్రీ. వ్రాతపరీక్షలో ఆమెయే మొదటిది. లారీలు, జట్టుకూలీలు, రాత్రి లోడింగులు గల పని అది. మేమే ఆమెను అడిగితిమి: "రాత్రులు ఉండవలసి వస్తుందమ్మా, పిల్లల్ని ఎవరు చూస్తారు?"

ఆమె కోపగించుకొనలేదు. "మా అత్తగారు చూస్తారండీ. ఇందాక వెళ్ళినాయనక్కూడా ఇద్దరు చంటిపిల్లలేనండీ. ఆయన్నీ ఇదే అడిగారాండీ?" అనెను.

ఎవ్వరును మాటలాడలేదు. ఫంకా చప్పుడు మాత్రము వినబడినది. తరువాత జీతము మాట వచ్చినది. ప్రకటించినదానికంటె కొంచెము ఎక్కువ కావలెననెను. ఏల కావలెనో లెక్కతో చెప్పెను. ఇందాక వెళ్లిన ఆయన అంతకంటె ఎక్కువయే అడిగియుండెను.

కాగితముమీద "స్వభావము" అను గడి ఒకటి ఉండెను. దానికి 20 మార్కులు. ఆయనకు 16 వేసి, ప్రక్కన "ఖచ్చితమైన మనిషి" యని వ్రాసితిమి. ఆమెకు 9 వేసి, "కొంచెము దురుసు" అని వ్రాసితిమి. ఇది మా చేతివ్రాతయే. మొత్తము కూడగా ఆమె మూడు మార్కులు వెనుకబడెను. ఆ పూట మాకు తప్పు చేసినట్లు తోచలేదు. హాయిగా టీ త్రాగి ఇంటికి వచ్చితిమి. కొన్ని నెలలకు వేరొక పనిమీద ఆ కాగితములు మరల చేతికి వచ్చినవి. రెండు వ్యాఖ్యలను ఒకదాని ప్రక్క నొకటి పెట్టి చదువుకొంటిమి. ఇద్దరును చేసిన పని ఒక్కటే. మేము పెట్టిన పేర్లు రెండు.

మరుసటి సంవత్సరము ఆయన మరియొక చోటికి వెళ్లిపోగా ఆ ఉద్యోగము మరల ఖాళీ అయినది. "స్వభావము" గడిని తీసివేయుడని, అందరిని ఒకే వరుసలో ఒకే ప్రశ్నలు అడుగుడని మేము ఆ సంస్థవారితో చెప్పితిమి. ప్రశ్నల సంగతి ఒప్పుకొనిరి. గడిని తీయలేదు, "నాయకత్వ లక్షణములు" అని పేరు మార్చిరి. దరఖాస్తుల కట్ట వచ్చినపుడు ఆమె పేరుకొరకు రెండు మారులు వెదకితిమి. ఆమె దరఖాస్తు పెట్టలేదు.